బులెటిన్ వేళ హోరు

"ఆ సెట్టు గురించి అడగడానికొచ్చిన మొదటి మనిషివి నువ్వేనమ్మా," అన్నాడు కొట్టాయన. "కొనడానిక్కాదు. అసలు ఉందా అని అడగడానికి."

సత్యశ్రీ చేతిలో కాగితం మీద ఏడో పేరు కొట్టేసింది. బెజవాడ ఏలూరు రోడ్డులో ఎలక్ట్రానిక్ దుకాణాలు తొమ్మిది ఉన్నాయని రేడియో కేంద్రంలో రాసిచ్చారు. ఏడింటిలో లేదన్నారు. ఎనిమిదోది సెల్‌ఫోన్ కవర్ల కొట్టయిపోయింది. తొమ్మిదోదాంట్లో సేల్స్‌మన్ ఆమెను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, బ్లూటూత్ స్పీకర్ ఒకటి చేతిలో పెట్టాడు.

"ఇందులో కూడా రేడియో వస్తుందండి."

"ఏ రేడియో?"

"ఎఫ్‌ఎం అండి. అంతకుమించి ఇంకేం ఉంటాయి?"

ఆమె భుజాన వేలాడే సంచీలో డిజిటల్ రేడియో సెట్టు ఉంది. కేంద్రం మొత్తానికి అదొక్కటే. దాన్ని బయటికి తెచ్చేటప్పుడు రిజిస్టర్లో రెండు చోట్ల సంతకం పెట్టింది. ఆ పొద్దున ఆరున్నరకు స్టూడియోలో కూర్చుని ఆమే చదివింది: "గరగరలు లేని స్వచ్ఛమైన ధ్వని. నేడే మీ దగ్గరలోని దుకాణంలో డిజిటల్ రేడియో అడిగి తీసుకోండి." తను చెప్పిన మాటే కదా అని తనే అడిగింది. పేర్ల కాగితం నాలుగు మడతలు పెట్టి సంచీలో దోపుకుని కంకిపాడు బస్సెక్కింది.

కంకిపాడు మార్కెట్ యార్డులో పదిమంది రైతులు ధాన్యం తేమ చూపించుకోవడానికి ఆగి ఉన్నారు. రేకుల షెడ్డు కింద సెట్టు మీట నొక్కితే తెర మీద చిన్న గీతలు వెలిగాయి కానీ మాట రాలేదు. ఆమె దాన్ని ఎత్తి పట్టుకుని షెడ్డు బయటికి నడిచింది. రైతులూ ఆమె వెనకాలే నడిచారు. ఎండలో నిలబెట్టాక పాట వచ్చింది. నిజంగానే మంచుముత్యంలా వచ్చింది.

"ఇందులో వేరే ప్రోగ్రాములొస్తాయా?" అన్నాడు తలపాగా పెద్దాయన.

"అవేనండీ. కాకపోతే ధ్వని శుభ్రంగా ఉంటుంది."

"మా పాతదాంట్లో కూడా శుభ్రంగానే వచ్చుద్ది. మీరు సరిగ్గా పెట్టిన్నాడు."

అందరూ నవ్వారు. సత్యశ్రీ కూడా నవ్వి, డిజిటల్ రేడియో వింటున్నామని సంతకం పెట్టించే ఫారాలు తీసింది. ఒక్కరూ సంతకం పెట్టలేదు. సెట్టు లేకుండా సంతకమేంటమ్మా అన్నారు. వాళ్ళన్నది న్యాయమే. చివరికి ఒక రైసుమిల్లు యజమాని కొత్త కారులో డిజిటల్ బటన్ ఉందని ఆమే కనిపెట్టింది. అది ఉన్నట్టు ఆయనకూ తెలియదు, డ్రైవరుకూ తెలియదు. ఆయన అర నిమిషం విన్నాడు. ఈలోగా ఫోనొచ్చింది.

*

"ఎన్ని?" అన్నారు జ్ఞానేశ్వర్ గారు మర్నాడు. కార్యక్రమ అధికారి ఆయన. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, టీ గ్లాసు కింద పాత క్యూ షీటు మడత పెట్టుకుని కూర్చుంటారు.

"ఒకటండీ."

"కారేనా?"

"కారేనండీ. అర నిమిషం విన్నారు."

"అయితే వినియోగదారుడే. రాసుకో."

నూట యాభై ఫారాలు కావాలి. శుక్రవారం సాయంత్రానికి పైవాళ్ళకు నివేదిక పంపాలి. అది బాగుంటే ఒకటో తారీఖు నుంచి మీడియం వేవ్ రోజంతా డిజిటలే. ఇప్పటికి ప్రయోగంగా సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా మాత్రం మార్చారు. ఆ వేళలో పాత సెట్లలో మాట రాదు. ఆ గంటన్నరలోనే వార్తలూ, వ్యవసాయమూ, ఆరూ నలభైకి జాలర్ల వాతావరణ బులెటినూ వస్తాయి. సత్యశ్రీకి నెలకు ఆరు డ్యూటీలు, అన్నీ పొద్దునవే. సాయంత్రం వేళకు ఆమె ఇంటికి పోయే పెడన బస్సులో ఉంటుంది. నెలాఖరున డ్యూటీ చార్టులో పేరు వేసేదీ తీసేదీ జ్ఞానేశ్వర్ గారే.

"ఒక మంచి సంగతి ఉందిలే," అన్నారాయన. "ప్రయోగం మొదలై వారమైంది. ఒక్క ఫిర్యాదు లేదు. డ్యూటీ రూములో ఫోను మోగితే ఒట్టు. జనం అలవాటు పడ్డారు."

సత్యశ్రీకి నమ్మబుద్ధి కాలేదు. సాయంత్రం చదివే ప్రకటనలూ బులెటిన్లూ వేళల వారీగా రాసి ఉండే క్యూ షీట్లు అడిగి తీసుకుని, కిటికీ దగ్గర నిలబడి ఒక్కొక్కటే తిప్పింది. ఆరు గంటలకు ప్రకటన: ఈ ప్రసారం వినిపించని శ్రోతలు ఈ క్రింది నంబరుకు ఫోన్ చేయగలరు. నంబరు రెండుసార్లు చదవవలెను. అన్ని రోజులూ ఆరు గంటలకే. ఇంకెక్కడా లేదు.

ఆమె కాగితం పట్టుకుని వెనక్కి వచ్చింది.

"సార్, వినపడనివాళ్ళకి ఈ ప్రకటన ఎలా వినపడుతుందండీ?"

ఆయన కళ్ళజోడు కిందికి దించి చదివారు. మళ్ళీ చదివారు. టీ గ్లాసు పక్కకు జరిపారు.

"ఆర్డర్లో అలాగే ఉందమ్మా. ప్రయోగ ప్రసారంలోనే ప్రకటించవలెను అని."

"పొద్దున కూడా చదువుదామండీ. పొద్దున అందరికీ వినపడుతుంది కదా."

"పొద్దున ప్రయోగ ప్రసారం కాదుగా," అన్నారాయన. అని, తను అన్నమాట తనకే ఎక్కడో గుచ్చుకున్నట్టు గ్లాసు వంక చూశారు. "రేపు సముద్రం వైపు వెళ్ళు. జాలర్లు రేడియో బాగా వింటారు. వాళ్ళ దగ్గర ఫారాలు దొరుకుతాయి."

*

బందరులో బస్సు దిగి, షేర్ ఆటోలో లంకపల్లిపాలెం చేరేసరికి నాలుగు దాటింది. ఒడ్డున పది ఇంజను పడవలు ఇసుకలో ఒరిగి ఉన్నాయి. ఒక పడవ నీడలో అరవై దాటిన మనిషి కాళ్ళు చాపుకుని, బొటనవేలికి వల అంచు తగిలించి, కండె తిప్పుతూ కన్ను తరవాత కన్ను అల్లుతున్నాడు. ఆ వల సగంలో ఆగిపోయి ఉంది. చివర కత్తితో కోసినట్టు తెగింది.

"నమస్కారమండీ. రేడియో కేంద్రం నుంచి వచ్చాను. డిజిటల్ రేడియో గురించి..."

మాట పూర్తి కాకముందే పక్కన చేపల తట్ట కడుగుతున్న ఆవిడ తలెత్తింది.

"ఏవయ్యో, ఈ గొంతు! పొద్దున మాట్టాడే పిల్ల కాదూ ఇది?" ఆవిడ చేతులు చీరకు తుడుచుకుని దగ్గరికొచ్చింది. "శుభోదయం అంటావే, అది నువ్వే కదమ్మా? ఇంత పొట్టిగా ఉన్నావేంటి, గొంతు విని బాగా పొడుగనుకున్నా." ఆవిడ పేరు గంగారత్నం. వల అల్లే ఆయన ఆవిడ భర్త రామాంజనేయులు.

సత్యశ్రీకి సిగ్గూ సంతోషమూ కలిగాయి. ఆ సంతోషం ఎంతోసేపు లేదు.

"అయితే నువ్వు చెప్పాలి," అంది గంగారత్నం నడుం మీద చెయ్యేసుకుని. "సాయంత్రం మాట్టాడేవాళ్ళు ఏవయ్యారు? చచ్చారా?"

"ఊరుకోవే," అన్నాడు రామాంజనేయులు.

"ఎందుకూరుకోవాల? వల నేను కొయ్యమన్నానా?"

రామాంజనేయులు కండె ఒళ్ళో పెట్టుకున్నాడు. తొందర లేకుండా చెప్పాడు. ఆ మాట తన నాన్న దగ్గర నేర్చుకున్నది. ఆయన ఉప్పెన ఏడాది బతికి బయటపడ్డవాడు.

"రేడియోలో గరగర వచ్చిందనుకో, ఎక్కడో ఉరుము ఉందని. టపటప దగ్గరపడితే మబ్బు మనకాడికి వస్తందని. అదంతా మామూలే. కానీ మాట పూర్తిగా ఆగిపోయి ఉత్త హోరు మిగిలిందంటే ఒడ్డున కొంప మునిగిందని. స్టేషను పడిపోతేగానీ మాట ఆగదు. అప్పుడింక ఆలోచించకూడదు. వల కోసైనా ఒడ్డుకి రావాల. ఇక్కడ ఏ పడవ అయినా అంతే."

"ఎప్పుడు కోశారండీ?"

"పోయిన గురువారం. ముప్పై అయిదు కిలోమీటర్లు పోయాం. చందువ పడతా ఉంది. ఆరింటికి పెట్టేం రేడియో. హోరు. అటు తిప్పేం, ఇటు తిప్పేం. ఆరున్నరయింది, హోరే. ఆకాశం చూస్తే అద్దంలా ఉంది. ఉప్పెన ముందురోజు కూడా అట్టాగే ఉందనేవాడు మా నాన్న. వల లాగితే మూడు గంటలు పట్టుద్ది. కోసేశా."

"ఫోను లేదాండీ?"

"సెల్లా? పన్నెండు కిలోమీటర్లు దాటితే టవరు లేదు. ఇంక అది టార్చిలైటే." ఆయన వెనక పడవ మీద కూర్చున్నవాళ్ళెవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. "ఇంటికొచ్చి చూస్తే పిల్లలు ఆడుకుంటన్నారు. కరెంటుంది. టీవీ ఉంది. మేవే పిచ్చోళ్ళం."

సత్యశ్రీ వాచీ చూసుకుంది. ఆరవడానికి ఇంకా గంటకు పైనే ఉంది. ఆ గంటా ఆమె ఆ ఇసుకలోనే కూర్చుంది. గంగారత్నం టీ తెచ్చిచ్చింది. ఆరు కాగానే రామాంజనేయులు తన పాత సెట్టు తెచ్చి పడవ అంచు మీద పెట్టాడు. సైకిల్ ట్యూబు రబ్బర్లతో బిగించి ఉంది అది. పక్కన ఆమె డిజిటల్ సెట్టు పెట్టింది. రెండూ ఒకేసారి తిప్పారు.

పాతది హోరెత్తింది. ఎడతెగని హోరు, ఎక్కడా తగ్గదు, ఎక్కడా హెచ్చదు. కొత్తదాంట్లో వార్తలు వచ్చాయి, తరవాత మినుము తెగుళ్ళు వచ్చాయి, ఆరూ నలభైకి బులెటిన్ వచ్చింది. ఒక్కొక్క అక్షరం కడిగిన గవ్వలా వినిపించింది. "తీరం వెంబడి రాగల నలభై ఎనిమిది గంటల్లో ప్రమాద సూచన ఏదీ లేదు. సముద్రం ప్రశాంతంగా ఉంటుంది. వేటకు అనుకూలం."

రామాంజనేయులు పాత సెట్టు కట్టేసి, కొత్తదాని వైపే చూస్తూ అడిగాడు.

"గురువారం కూడా ఇదే చెప్పారా?"

ఆమె క్యూ షీట్లన్నీ చదివి ఉంది. గురువారానిది గుర్తుంది. తల ఊపింది.

"స్వచ్ఛంగా ఉంది," అన్నాడాయన.

గంగారత్నం కొత్త సెట్టును చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. "సరేనమ్మా. అయ్యిందేదో అయ్యింది. ఇది ఎక్కడ దొరుకుద్దో చెప్పు. పది పడవలకీ పది కొనుక్కుంటాం. వల కంటే చవకే గదా."

ఈ వారంలో మొదటిసారి ఒకరు కొంటామన్నారు. సత్యశ్రీ సంచీలోంచి కొట్ల పేర్ల కాగితం తీసి మడత విప్పింది.

"బెజవాడలో లేవండీ. తొమ్మిది కొట్లు తిరిగాను."

"ఆన్‌లైన్లో?"

ఆమె ఫోను తీసి చూపించింది. సెట్టు బొమ్మ ఉంది. కింద స్టాకు లేదని ఎర్రటి అక్షరాలు ఉన్నాయి.

"దొరకనిదాన్ని కొనమని రోజూ పొద్దున ఎందుకు చెబుతున్నావమ్మా మరి?" అంది గంగారత్నం. ఆవిడ ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే తెలియక అడిగింది.

సత్యశ్రీ ఫారం తీసింది. ధ్వని నాణ్యత అన్న గడిలో మూడే మాటలున్నాయి: బాగుంది, చాలా బాగుంది, అద్భుతం. ఆమె ఫారం తిరగేసి, వెనక తెల్లవైపు ఆయన చెప్పిందంతా ఆయన మాటల్లోనే రాసింది. దూరం, రోజు, వేళ, వల. ఆయన వేలికి అంటిన జిగురు తుడుచుకుని సంతకం చేశాడు.

"ఇంక ఒక్కటి చెప్పు. రేపు రాత్రి వేటకి పడవలన్నీ పోతాయి. మూడు రోజులుంటాయి. ఎల్లుండి సాయంత్రం హోరు వస్తే మేం రావాల్నా, వద్దా?"

"కనుక్కుని చెప్తానండీ."

"ఎట్టా చెబుతావు? టవరు ఉండదన్నాగా. మాట వచ్చే పూటే చెప్పు. పొద్దున్నే వింటాం."

*

జ్ఞానేశ్వర్ గారు ఫారం వెనకవైపు అంతా చదివారు. మధ్యలో పెన్సిలు తీసుకుని ముప్పై అయిదు కింద గీత గీశారు.

"అంత దూరంలో హోరు గట్టిగా వచ్చిందా?"

"చాలా గట్టిగా అన్నారండీ."

"పాత సెట్టులో ఆ హోరు మన డిజిటల్ సిగ్నలే. అంటే సిగ్నల్ చాలా గట్టిగా ఉందన్నమాట." ఆయన నివేదిక కాగితం ముందుకు లాక్కుని రాశారు. సముద్రంపై ముప్పై అయిదు కిలోమీటర్ల వరకు బలమైన కవరేజీ నమోదైనది.

సత్యశ్రీ ఆ అక్షరాలను తలకిందులుగా చదివింది. సరిగ్గా చదివానో లేదో అని మళ్ళీ చదివింది.

"సార్, అది ఫిర్యాదండీ. వాళ్ళు వల కోసుకున్నారు."

"తెలుసమ్మా. పాపం. అందుకే వాళ్ళ కోసం ప్రకటన కూడా రాశాను." ఆయన ఒక చీటీ అందించారు. "రేపు పొద్దున చదువు. పొద్దున కావాలన్నావుగా."

సాయంత్రం వేళ మీ రేడియోలో హోరు వినిపిస్తే మత్స్యకార సోదరులు ఆందోళన చెందవద్దు. అది మన డిజిటల్ ప్రసార సంకేతం. నిశ్చింతగా వేట కొనసాగించండి.

"బులెటిన్ ఒక్కటీ, పది నిమిషాలు, పాత పద్ధతిలో ఇస్తే సరిపోతుంది కదండీ?"

"మధ్యలో మారిస్తే ప్రయోగం చెల్లదు."

"నిజంగా తుఫానొచ్చి మన స్టేషన్ ఆగిపోయిన రోజున కూడా వాళ్ళకి హోరే వస్తుందండీ. ఆ రోజు కూడా నిశ్చింతగా ఉంటారు."

ఆయన కళ్ళజోడు తీసేశారు. అది లేకపోతే ఆయన ముఖం నిద్రలేని మనిషి ముఖంలా ఉంది. "నేనూ పల్లెటూరివాణ్ణేనమ్మా. నాకూ అర్థమవుతుంది. కానీ ప్రతి శుక్రవారం ఢిల్లీ నుంచి ఫోనొస్తుంది. ఎన్ని ఊళ్ళు, ఎన్ని సెట్లు అని అడుగుతారు. వల గురించి అడగరు. నేను రాయాల్సింది నేను రాస్తాను. నువ్వు చదవాల్సింది నువ్వు చదువు."

*

శుక్రవారం పొద్దున ఆరున్నరకు ఎర్రదీపం వెలిగింది. అద్దానికి అవతల ఇంజనీరు కోటిలింగం గారు వేలెత్తి సైగ చేశారు. సత్యశ్రీ సమయం చెప్పింది. భక్తిగీతాల వివరాలు చెప్పింది. చీటీ బల్ల మీద ఎదురుగా ఉంది. ఇప్పటికి పడవలు ఎక్కడున్నాయో ఆమెకు తెలుసు. పాత సెట్టు పడవ అంచు మీదే ఉంటుంది.

"మత్స్యకార సోదరులకు ఒక ప్రకటన," అంది. "సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర వరకు మా కేంద్రం డిజిటల్ ప్రసారం చేస్తోంది. ఆ సమయంలో మీ పాత రేడియోల్లో మాట రాదు, హోరు వస్తుంది."

అక్కడి దాకా కోటిలింగం గారు చీటీ నకలు మీద వేలు పెట్టి వింటున్నారు. ఆ వేలు ఆగిపోయింది.

"అయితే ఆ హోరు మా ప్రసారం వల్ల వచ్చిందో, ప్రమాదం వల్ల వచ్చిందో సముద్రం మీద ఉన్న మీకు తెలిసే వీలు లేదు. కనుక మీ పెద్దలు పెట్టిన కట్టుబాటునే పాటించండి. హోరు వస్తే ఒడ్డుకు రండి. ప్రసారం వినిపించనివారు ఈ నంబరుకు ఫోన్ చేయండి."

నంబరు రెండుసార్లు చదివింది. కోటిలింగం గారి చెయ్యి, కిందికి లాగితే ఆమె గొంతు ఆగిపోయే మెయిన్ ఫేడరు మీదికి వెళ్ళింది. అక్కడే ఉండిపోయింది. రెండోసారి నంబరు పూర్తయ్యాక ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, లాగ్ పుస్తకంలో ఏదో రాసుకుని, తరవాతి పాట వేశారు.

ఎనిమిది లోపల డ్యూటీ రూములో ఫోను పదిహేడుసార్లు మోగింది. నాగాయలంక నుంచి, కృత్తివెన్ను నుంచి, మైలవరం దగ్గరి మామిడితోట కాపలాదారు నుంచి. సత్యశ్రీ ఒక్కొక్క పేరూ ఊరూ రాసి, ఆ కాగితం జ్ఞానేశ్వర్ గారి బల్ల మీద పెట్టింది.

ఆయన దాన్ని ముట్టుకోలేదు. "అనుమతి లేకుండా చదివిన నంబరు ఇది. దానికొచ్చిన ఫోన్లు లెక్కలోకి రావు." స్కేలు తీసుకుంటూ అన్నారు, "నీ గొంతు బాగుంటుందమ్మా. జనం నమ్ముతారు. అదే వచ్చిన ఇబ్బంది." డ్యూటీ చార్టులో ఆమె పేరున్న గడుల మీద స్కేలు పెట్టి గీత లాగారు. సత్యశ్రీ డిజిటల్ సెట్టు అప్పగించి, రిజిస్టర్లో రెండు చోట్ల సంతకం పెట్టింది.

*

శనివారం ఆమె మొదటి బస్సుకే బందరు బయల్దేరింది. ఉద్యోగం పోయిందని ఇంట్లో ఇంకా చెప్పలేదు. పాలెంలో ఏం చెప్పాలో కూడా అనుకోలేదు. ఇసుకదిబ్బ ఎక్కి చూసింది.

పది పడవలూ ఒడ్డునే ఉన్నాయి. మూడు రోజుల వేటకు వెళ్ళినవి ఒక్క పగలు వేటాడి వచ్చేశాయి. సముద్రం నూనె పోసినట్టు కదలకుండా ఉంది. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. చేపల పాటకు వచ్చిన వ్యాపారులు ఐసు పెట్టెలు ఖాళీగా వెనక్కి తిప్పుతున్నారు. తట్టల అడుగున నాలుగు కవళ్ళు పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళు ఆమెను చూసి గొంతులు తగ్గించుకున్నారు.

"రమ్మన్న పిల్ల ఇదేనా?"

"ఇదే. బానే రమ్మంది."

రామాంజనేయులు పడవలోకి డీజిల్ క్యాన్ ఎత్తుతున్నాడు. ఆమెను చూసి క్యాన్ దించాడు.

"నువ్వు రమ్మన్నావు. వచ్చాం," అన్నాడు.

"ఏమీ లేదు కదండీ. ఉత్తినే వచ్చారు. నా వల్లే..."

"ఉత్తినే రావటమే మంచిది. ఇంకోరకంగా వచ్చేదానికంటే." ఆయన క్యాన్ మూత బిగించాడు. "రాత్రి అందరం కూచుని అనుకున్నాం. ఇంక రాత్రి వేట లేదు. పొద్దున పోయి మాట ఆగేలోపు రావటమే. సగం చేపే. ఏం చేస్తాం."

పడవ అంచున పాత సెట్టు మోగుతోంది. భక్తిగీతం అయిపోయి ఒక కొత్త గొంతు వచ్చింది. సత్యశ్రీ ఎరగని గొంతు. సాయంత్రం వేళ హోరు వినిపిస్తే మత్స్యకార సోదరులు ఆందోళన చెందవద్దు. అది మన డిజిటల్ ప్రసార సంకేతం. నిశ్చింతగా వేట కొనసాగించండి.

ఒడ్డున అందరూ ఆమె వైపు చూశారు. వ్యాపారులు కూడా.

"ఎవరమ్మా ఆవిడ?" అంది గంగారత్నం.

"నా బదులు వచ్చిందండీ. నన్ను తీసేశారు."

రామాంజనేయులు సెట్టు దగ్గరికి వంగి, ఆ ప్రకటన రెండోసారి చదవడం కూడా పూర్తయ్యేదాకా మర్యాదగా విన్నాడు.

"నీకంటే బాగా చదువుతుంది," అన్నాడు. ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. "కానీ ఆవిణ్ణి ఒకసారి ఇక్కడికి రమ్మను. వచ్చి మాకాడ కూచుని, హోరు విని, అప్పుడు చెప్పమను. వింటాం."

ఆయన సెట్టు కట్టేసి గూట్లో పెట్టాడు. మగవాళ్ళు పడవకు అటూ ఇటూ చేరి భుజాలు ఆనించారు. ఒక వైపు ఒకరు తక్కువయ్యారు. సత్యశ్రీ ఇంకా ఏదో చెప్పబోతోంది, క్షమాపణో, సంజాయిషీయో.

"మాట్టాడింది చాల్లే," అంది గంగారత్నం ఆమెను భుజం పట్టి ముందుకు తోస్తూ. "ఎండెక్కుతుంది. అటుపక్క పట్టు. కెరటం వచ్చినప్పుడు తొయ్యి, ముందు తొయ్యమాక."

సత్యశ్రీ చెప్పులు విడిచి, చున్నీ నడుముకు బిగించి, తడి చెక్క మీద రెండు చేతులూ ఆనించింది. కెరటం కోసం ఆగింది.